సుభద్రకు పాలు పడ్డాయి

మా పాప మొన్న గోడ పట్టుకుని నిలబడింది. ఏడాదీ రెండు నెలలు పట్టింది. దాని ఈడు పిల్లలు అప్పుడే వాకిట్లో పరుగులు పెడుతున్నారు. అయినా నిలబడింది. ఆ సాయంత్రమే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు రాయకపోతే, జరిగింది జరిగినట్టు కాక నాకు అనుకూలంగా గుర్తుపెట్టుకుంటానేమోనని భయం వేసింది.

నా పేరు నిర్మల. మందస పైన కొండల్లో మా ఊరు. ఊరంటే ముప్పై గడప, అందరం సవరలం. తారు రోడ్డు ఎక్కాలంటే గంటన్నర దిగాలి. నేను ఆశ్రమ పాఠశాలలో పది, పలాసలో ఇంటర్ చదివాను. ఏడేళ్లుగా మా ఊరికి ఆశా కార్యకర్తను. ఎవరికి నెల తప్పింది, ఎవరు మాత్రలు మింగుతున్నారు, ఎవరిని ఎప్పుడు కిందికి దించాలి, ఇవన్నీ చూసుకోవడం నా పని. ఇళ్లలో సవర మాట్లాడుకుంటాం, కింది వాళ్లతో తెలుగు. ఇక్కడ మాత్రం మాటలన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

మా అత్త గున్నమ్మ మంత్రసాని. నేను ఈ పనిలో చేరక ముందు ఈ కొండ మీద పుట్టినవాళ్లంతా ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. నేను వచ్చాక ఒక్కొక్కరినే ఆస్పత్రికి పంపడం మొదలుపెట్టాను. అత్త ఏనాడూ నన్ను ఒక మాట అనలేదు. నొప్పులొచ్చిన మనిషిని దించుతుంటే మాత్రం అరుగు మీదికి వచ్చి, వాళ్లు మలుపు దాటేదాకా చూసి, లోపలికి వెళ్లిపోయేది. ఆ చూపు చాలు, మా ఇంట్లో రెండు రోజులు మాటలుండేవి కావు.

పెళ్లైన ఎనిమిదేళ్లలో నాకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచింది. ఆ నెలలోనే మా మరిది పెళ్లాం సుభద్రకూ నిలిచింది. ఆమెకు ఇరవై ఏళ్లు, పెళ్లై ఏడాది కూడా కాలేదు. రిజిస్టర్లో నా పేరు కింద గీతలోనే ఆమె పేరు రాశాను. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన దానికీ, ఎదురుచూడడం అంటే ఏమిటో తెలియని దానికీ ఒకటే పేజీ.

ఏప్రిల్ అంటే మా దగ్గర జీడి పిక్కలు ఏరే రోజులు. ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు. నాకు ఎనిమిదో నెల పడింది. ముందు మట్టెలు బిగిశాయి. సబ్బు రాసి తీసి గూట్లో పెట్టాను. తర్వాత చెప్పులు పట్టలేదు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, మెడ వెనక నుంచి నుదుటిదాకా పట్టేసినట్టు నొప్పి. ఇవి దేనికి గుర్తులో తెలియక కాదు. బొమ్మల పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగి చెప్పేది నేనే. మొహం ఉబ్బినా, తలపోటు తగ్గకపోయినా, కళ్ల ముందు మెరుపుల్లా కనిపించినా ఒక్క పూట కూడా ఆగొద్దని.

నేను ఆగాను. దానికి కారణం సుభద్ర. ఆమె చేసిన తప్పేమీ లేదు. ఆమె నా కళ్ల ముందు తిరుగుతూ ఉండడమే నాకు తప్పుగా కనిపించింది. వికారమని ఐరన్ మాత్రలు పెరట్లో పనస చెట్టు మొదట్లో పారేసేది, నేను రెండుసార్లు చూశాను. పరీక్షకు రమ్మంటే ఆటో పడదని తప్పించుకునేది. అలాంటి మనిషి పిక్కల తట్ట నెత్తిన పెట్టుకుని కూనిరాగం తీస్తూ తోట దిగి వచ్చేది. మాత్రలు గంట చూసి మింగినదాన్ని, ప్రతి పరీక్షకూ కొండ దిగినదాన్ని, నేను మాత్రం కాళ్లు ఉబ్బి మంచం మీద. ఈ సంగతి బయటపడితే ఊరు ఏమంటుంది? ఆస్పత్రి చుట్టూ తిరిగిన దానికే ఇలా అయింది, తిరగని దానికి ఏమీ కాలేదు అంటుంది. అత్త ఏమీ అనదు. అరుగు మీంచి చూస్తుంది. అదే ఎక్కువ భయం.

ఆ వారం మా నర్సు మేడం వచ్చారు. నన్ను చూడగానే మొహం అలా ఉందేమిటని అడిగారు. పగలు పడుకున్నానని చెప్పాను. ఆమె బీపీ మిషను తీసి నా చేయి పట్టుకోబోతే, పక్కనున్న సుభద్ర చేతిని ముందుకు తోశాను. సుభద్రకు బీపీ బాగానే ఉంది, రక్తమే తక్కువగా ఉందని చెప్పి, మాత్రలు మానొద్దని గట్టిగా చెప్పారు. ఆ లోపల నేను పక్క గూడెంలో బాలింత ఉందని గుర్తుచేసి మేడంను బయల్దేరదీశాను. ఎంత తెలివిగా చేశానో అనుకున్నాను ఆ పూట.

రెండు రోజులకు, మిట్టమధ్యాహ్నం, అంబలి కలుపుతుంటే కళ్ల ముందు తెల్లటి చుక్కలు ఆడాయి. గోడ పట్టుకోబోయాను. గోడ అందలేదు. అక్కడి నుంచి నాకేమీ తెలియదు. ఇక రాసేది వాళ్లూ వీళ్లూ చెప్పింది.

వాకిట్లో పిక్కలు ఎండబెడుతున్న అత్త చప్పుడు విని వచ్చిందట. నేను కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నానట. చూడగానే గుర్రపువాతమని, కడుపుతో ఉన్నవాళ్లకు వచ్చే ఫిట్సని గుర్తుపట్టి, నన్ను పక్కకి ఒత్తిగిలబెట్టి, తోటలోని మగవాళ్లను కేకేయించింది. ముందు పసరు పోసి చూద్దామని ఎవరో అన్నారట. అప్పుడు మా అత్త, ఈ కొండకు మంత్రసాని, అన్న మాట ఇది:

"ఇది నా సేతిలో పని కాదు. దించండి. బేగి దించండి."

ఫోను సిగ్నల్ అందేది గుట్ట మీద. ఎనిమిదో నెల కడుపుతో సుభద్రే ఎక్కి అంబులెన్సుకు ఫోన్ చేసిందట. నలుగురు డోలీ కట్టి మోశారు. పలాస, అక్కడి నుంచి టెక్కలి, అక్కడ ఆపరేషన్.

కళ్లు తెరిచిన రోజు మూడోదట. మంచం కాళ్ల దగ్గర అత్త కూర్చుని ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆస్పత్రి గడప తొక్కని మనిషి. నా బొటనవేలు పట్టుకుని ఉంది. నేను అడగకముందే చెప్పింది.

"గుంట. సిన్నది. ఉంది."

ఆడపిల్ల, కేజీ మూడు వందలు. అద్దం పెట్టెలో, ముక్కులో గొట్టంతో, నా అరచేయంత మొహంతో ఉంది. నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్లి చూపించారు. ముట్టుకోవడానికి భయం వేసింది. అది నా బిడ్డ అనిపించడానికి చాలా రోజులు పట్టింది. ఇది కూడా రాయాలి, ఎందుకంటే ఏ తల్లీ చెప్పదు.

అక్కడ మొదలైంది నా అసలు జబ్బు అనుకుంటాను. పసిపిల్లల వార్డు బయట పొడవాటి వసారా. తల్లులందరం చాపల మీద వరసగా కూర్చునేవాళ్లం. రెండు గంటలకోసారి స్టీలు గిన్నెల్లోకి పాలు పిండి లోపలికి పంపాలి. నాకు పాలు పడలేదు. ఎంత పిండినా గిన్నె అడుగున నాలుగు చుక్కలు, అవీ పసుపుపచ్చగా. బీపీ ఎక్కువైన వాళ్లకు, బిడ్డ ముందే పుట్టిన వాళ్లకు ఆలస్యమవుతుందని నర్సమ్మ చెప్పింది. తలాడించాను. నా కళ్లు మాత్రం పక్క గిన్నెల మీదే ఉండేవి.

నా పక్క చాప నీలవేణిది. వజ్రపుకొత్తూరు అవతల సముద్రపొడ్డు పల్లె. ఆమె కొడుకూ నెల ముందే పుట్టాడు. ఆమె గిన్నె నిండిపోయి పొంగేది. ఇరవై గ్రాములు పెరిగాడు, ముప్పై గ్రాములు పెరిగాడని రోజూ పొద్దున చెబుతుంటే పళ్లు కొరుక్కునేదాన్ని. ఆమె నాకు ఎండు చేపల కూర సగం పెట్టేది. తినేదాన్ని, తింటూనే కుళ్లుకునేదాన్ని. ఆమె భర్తకు కిడ్నీలు పాడయ్యాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లాలి, అందుకని ఆమెను చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. ఈ సంగతి తెలిశాక కూడా నా కుళ్లు తగ్గలేదు. కాస్త సిగ్గు మాత్రం తోడైంది.

ఒకరోజు గమనించాను. పాలు పిండేటప్పుడు నీలవేణి అటు తిరిగి, చీర చెంగు గిన్నె మీద కప్పుతోంది. ముందు దాచుకుంటోందనుకున్నాను. అలా చాలా రోజులుగా చేస్తోందని, నేను చూసి బాధపడకూడదని చేస్తోందని తర్వాత తెలిసింది. ఆమె డిశ్చార్జి అయిన రోజు నాకు చెప్పి వెళ్దామని వసారా అంతా వెతికిందట. నేను బాత్రూములో తలుపేసుకుని, ఆమె వెళ్లిపోయేదాకా బయటికి రాలేదు. బిడ్డను ఎత్తుకుని గేటు దాటుతున్న మనిషిని చూడలేకపోయాను. ఆమె ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు.

నా భర్త ఢిల్లేశ్వరరావు పలాసలో జీడి ఫ్యాక్టరీలో పని మానేసి ఆస్పత్రి మెట్ల మీదే ఉండేవాడు. జూన్ మొదట్లో, తొలి వాన పడిన మధ్యాహ్నం, ఫోన్ మాట్లాడి నవ్వుతూ వచ్చాడు.

"సుభద్రకి గుంటడు పుట్టేడట. ఇంటికాడే. అమ్మే తీసింది."

"ఎంతున్నాడట?"

"తూకం ఎవలు సూసేరు. బండలా ఉన్నాడంట. పాలు కూడా పడ్డాయట, పుట్టిన పూటే."

నా మొహం చూసి ఆగిపోయాడు. నేను గిన్నె తీసుకుని చాప మీదికి వెళ్లాను. ఇప్పుడు రాయబోయే మాట ఎన్నిసార్లు రాసి కొట్టేశానో. ఆ చాప మీద కూర్చుని నేను, సుభద్రకు కూడా ఏదో ఒకటి కావాలని కోరుకున్నాను. చావాలని కాదు. నేను పడ్డదాంట్లో సగమైనా పడాలని. అప్పుడు గాని మేమిద్దరం ఒక పేజీలో ఉన్నట్టు కాదనిపించింది.

వారానికి మమ్మల్ని పంపించారు. పాప అప్పటికి కేజీ ఎనిమిది వందలు. గుండెకు కట్టుకుని ఉంచమన్నారు, డబ్బాపాలు ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెం పట్టమన్నారు, నీ పాలు కూడా పట్టిస్తూనే ఉండమన్నారు. కొండెక్కాం.

మా ఇల్లూ సుభద్ర ఇల్లూ ఒకటే, మధ్యన గోడ. గోడ అవతల సుభద్ర కొడుకు ఏడుపు. గొంతు నిండా ఏడ్చేవాడు. నా పాప ఏడిస్తే పిల్లి పిల్ల మూలిగినట్టుండేది. వాడు ఏడుపు ఆపినప్పుడల్లా పాలు అందాయని అర్థమయ్యేది నాకు.

మర్నాడు సుభద్ర మా గుమ్మంలోకి వచ్చింది. వాణ్ని భుజాన వేసుకుని, ఇంకో చేత్తో తలుపు చట్రం పట్టుకుని నిలబడింది. జాకెట్టు ముందంతా తడిసి ఉంది.

"అక్కా, నాకు పాలు కారిపోతన్నాయి. పాపకి ఇయ్యనా? ఒక పక్క దీనికి, ఒక పక్క ఆడికి."

"డాక్టరు ఒద్దన్నారు" అన్నాను. ఏ డాక్టరూ ఆ మాట అనలేదు.

అప్పుడే చూశాను. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. వాకిలి దాటి వచ్చినందుకే ఆయాసపడుతోంది. చట్రం పట్టుకున్న వేళ్ల గోళ్లు తెల్లగా ఉన్నాయి. పాదాలు నీరు పట్టాయి. ఏడేళ్లుగా నేను వెతికే గుర్తులన్నీ ఒక్క మనిషిలో, నాలుగడుగుల దూరంలో. చూశాను, అర్థమైంది. వెళ్తూ తలుపు దగ్గరగా వేసెళ్లమన్నాను.

రెండు రోజులు ఊరుకున్నాను. నేను సెలవులో ఉన్నాననుకున్నాను. పొట్ట మీద కుట్టు ఇంకా లాగుతోందనుకున్నాను. పక్కింటి బాలింతను చూడ్డానికి కొండ దిగక్కర్లేదు, ఆటో ఎక్కక్కర్లేదు, పది అడుగులు. ఆ పది అడుగులు వేయలేదు.

మూడో రోజు పొద్దున వాడు ఏడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు ఏడ్చాడు. ఎవరూ ఎత్తుకోలేదు. అత్త నీళ్లకు వెళ్లింది. దాచడం ఎందుకు, వాడూ ఏడుస్తున్నాడు కదా అని ముందు కాస్త హాయిగానే అనిపించింది. తర్వాత గొంతు బొంగురుపోయింది. బొంగురుపోయిన ఆ గొంతు నా పాప గొంతులాగే ఉంది. పాపను గుండెకు కట్టుకునే లేచి వెళ్లాను.

సుభద్ర గోడకు ఆనుకుని కూర్చుంది. వాడు ఒళ్లోనే ఉన్నాడు. ఆమె చేతులు వాడి పక్కన పడి ఉన్నాయి.

"ఎత్తలేకపోతన్నాను అక్కా. గుండి దడదడలాడతంది."

కింది రెప్ప దించి చూశాను. ఎరుపన్నదే లేదు. అంతలో అత్త వచ్చింది. పురుటి అలుపని, మిరియాల చారు పెడితే లేస్తుందని అంది. సుభద్రకు కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పుడు చెప్పాను.

"అలుపు కాదత్తా. ఒంట్లో రగతం లేదు. మొన్ననే సూసేను. తెలిసీ ఊరుకున్నాను."

అత్త నా వైపు చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఇప్పుడు దించితే దక్కుద్దా?"

"దక్కుద్ది."

"అలాగైతే మాటలెందుకు" అని మంచం మీద దుప్పటి లాగింది.

జూన్ వానలో దారంతా జారుడు. డోలీ ముందు కొమ్ము ఢిల్లేసు మోశాడు. వాణ్ని అత్త ఎత్తుకుంది. నేను పాపను కట్టుకుని వెనకాల. రెండు చోట్ల కూర్చుండిపోయాను, కుట్టు విడిపోతుందేమోనని. డోలీలోంచి సుభద్ర చేయి బయటికి వేలాడుతుంటే దాన్ని లోపలికి పెట్టి, పెట్టిన ప్రతిసారీ నాడి చూశాను. దారి పొడవునా ఒకటే అనుకున్నాను, నేను కోరుకున్నది నాకు ఇవ్వొద్దు అని.

పలాసలో వెంటనే చేర్చుకున్నారు. ఇంకో రోజు ఆగి ఉంటే గుండె ఆగిపోయేదని డాక్టరమ్మ చెప్పింది, అదీ నన్ను మెచ్చుకుంటూ. ఆశావి కాబట్టి గుర్తుపట్టావంది. ఆ మెచ్చుకోలు నేను ఇప్పటికీ మింగలేదు. ఢిల్లేసు రక్తం ఇచ్చాడు. సీసా ఎక్కుతుంటే అందరం మంచం చుట్టూ నిలబడ్డాం.

వాడికి ఆకలి. సుభద్రకు ఎత్తి పట్టుకునే ఓపిక లేదు. డబ్బాపాలు పోస్తే ఉమ్మేశాడు. వార్డంతా దద్దరిల్లేలా ఏడుస్తున్నాడు. అత్త వాణ్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, నా చెంగు తనే పక్కకు లాగింది.

"నాకు పాలు లేవత్తా."

"ఆ మాట ఆడికి సెప్పు."

వాడు పట్టుకున్నాడు. వీపు దాకా లాగింది. నా పాప నోటికి ఏనాడూ అంత బలం లేదు. ఏమీ రాక కోపంతో వదిలేసి, మళ్లీ పట్టుకుని, మళ్లీ ఏడ్చి, చివరికి అలిసిపోయి ఉగ్గుగిన్నెకు ఒప్పుకున్నాడు. ఆ రోజంతా అలాగే. మర్నాడూ అలాగే. మూడో రోజు మధ్యాహ్నం వాడు ఒక పక్క లాగుతుంటే రెండో పక్క జాకెట్టు తడిసింది. నీళ్లు ఒలికాయనుకున్నాను. వాడి గొంతులో గుటక వినిపించింది.

సంతోషపడ్డానని రాస్తే అబద్ధం. ముందు మంట పుట్టింది. నెలన్నర నేను ఏడ్చి పిండితే నా కూతురికి రాని పాలు, ఆమె కొడుకు వచ్చి అడగ్గానే వచ్చాయి. తర్వాత వాణ్ని తీసి అత్తకిచ్చి, పాపను విప్పి పట్టించాను. అది నోరు తెరిచింది, ఊరికే తెరిచిన నోట్లోకి పాలు పడ్డాయి. ఉలిక్కిపడి, మింగి, కళ్లు తెరిచి చూసింది. అప్పుడు ఏడ్చాను.

అయిదో రోజుకు సుభద్ర పెదాలకు రంగొచ్చింది. లేచి కూర్చుని జడ అల్లుకుంటోంది. పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. అత్తా ఢిల్లేసూ టీకి వెళ్లారు. నేను చెప్పేశాను, గుమ్మం పట్టుకుని నిలబడిన రోజే చూశానని, చూసి తలుపేయించానని.

"అత్త సెప్పింది" అంది.

అంతకుమించి ఏదైనా అంటుందేమోనని ఆగాను. జడ చివరికంటా అల్లి, రబ్బరు పెట్టుకుని, అప్పుడు మాట్లాడింది.

"నానూ నిన్ను సూసి ఏడిసేదాన్ని అక్కా. నువ్వు టెక్కల్లో ఉంటే బావ నెలన్నర మెట్ల మీద కూకున్నాడు. నా పురిటికి మా ఆయన మూలపేట నుంచి ఒక పూట ఒచ్చి ఎల్పోనాడు. పోర్టు పనిలో సెలవీరట. నాకూ ఏదో ఒకటొత్తే ఆడూ కూకుంటాడేమో అనుకున్నాను."

"మరిప్పుడొచ్చేడా?"

"రేపొత్తాడట" అంది. జడ వెనక్కి వేసుకుని, "ఆ మాత్తర్లు మాత్రం అందుక్కాదు. అయి నిజంగానే కక్కొత్తాయి."

నాకు నవ్వొచ్చింది. కుట్టు నొప్పెట్టేదాకా నవ్వాను. ఆమె ఎందుకు నవ్వుతున్నానో తెలియక నన్నే చూసింది.

ఇప్పుడు సుభద్ర మాత్రలు అన్నం తిన్నాక, నా ఎదురుగా మింగుతుంది. అత్త ఊళ్లో కడుపుతో ఉన్న వాళ్ల కాళ్లు తనే నొక్కి చూసి, సొట్ట పడితే నా దగ్గరికి తోలుతుంది. నేను రోజూ బీపీ మాత్ర వేసుకుంటున్నాను, బహుశా చాలాకాలం వేసుకోవాలి. నా కుళ్లు పోయిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. అంగన్‌వాడీలో తూకం వేసిన రోజు నా కళ్లు మొదట సుభద్ర కొడుకు అంకె మీదికే వెళ్తాయి. వాడు తొమ్మిదిన్నర కేజీలు, పాప ఏడు.

చదివేవాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లుంటే, నాలాంటి పని చేసేవాళ్లుంటే, ఒక్కటే చెబుతాను. ఒంట్లో తేడా వస్తే దాచుకోవద్దు. నేను తెలియక దాచలేదు, పక్కమనిషి బాగున్నందుకు దాచాను. అందుకే ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, కాళ్లూ కళ్లూ రెప్పలూ చూశాక, ఏ ఫారంలోనూ లేని ఒక మాట అడుగుతాను. ఎవల్ని సూసి ఏడుత్తన్నావమ్మా అని. ముందు నవ్వుతారు. నేను నవ్వకుండా కూర్చుంటాను. కాసేపటికి చెబుతారు.